నీతిసూత్రము ప్రభుత్వాజ్ఞ యగుట: కృత్రిమ మేధయు, రేషను కార్డును



గ్రంథాలయములో చందాదారుల పట్టిక యొకటి యుండును. ఒకే యింటిపేరు, ఒకే పేరు గలవారు ఇద్దరుండుట చిట్టమూరు ప్రాంతపు పల్లెలలో వింత కాదు; తాతపేరు ఇద్దరు మనుమలకు పెట్టుట మన యాచారము. ఒకరు తీసికొనిన పుస్తకము రెండవవారి లెక్కలో పడినచో, వారు వచ్చి “అయ్యా, నేను తీసికొనలేదు” అందురు. నిర్వాహకుడు ముఖము చూచి, నవ్వి, ఆ పద్దు కొట్టివేయును. ఇట్టి పొరపాటే తిండిగింజల విషయమున, ముఖము చూడని యంత్రము చేసినచో ఏమగునో తెలంగాణ రాష్ట్రమున కనబడినది.

అచ్చట ‘సమగ్ర వేదిక’ యను కంప్యూటరు వ్యవస్థ గలదు. వాహనములు, భూములు, విద్యుత్తు, పన్నులు మున్నగు పలుశాఖల పట్టికలను ఒకచోట చేర్చి, ఈ పట్టికలోని మనిషియు ఆ పట్టికలోని మనిషియు ఒక్కరేనా యని అది నిర్ణయించును. మన పేర్లు ఇంగ్లీషు అక్షరములలో ఎన్ని విధముల వ్రాయబడునో అందరు ఎరుగుదురు. వేంకటేశ్వర్లు అను పేరు అయిదు కార్యాలయములలో అయిదు రూపములు దాల్చును. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక నుండును. కావున యంత్రము అక్షరముల పోలికను, చిరునామాల పోలికను చూచి ఊహించును. ఎంత పోలిక యున్నచో ఒక్కరే యనవలెనో నిర్ణయించువాడు మాత్రము మనిషియే. వలకన్ను చిన్నదైనచో పిల్లచేపలును పడును. పెద్దదైనచో పట్టదలచిన చేపయే జారిపోవును. నీతి యను ప్రశ్న నిజముగ నుండునది ఈ వలకన్ను కొలతలోనే.

హైదరాబాదులో రిక్షా లాగి జీవించిన ఒకని కుటుంబమునకు రేషను కార్డు రద్దయ్యెను. కారణము, అతని పేరును బోలిన పేరుగల మరియొకనికి కారుండుట. ఆ యింట కారు లేదని తెలియుటకు వాకిట నిలిచి చూచిన చాలును. చూచినవారు లేరు.

2014, 2019 నడుమ ఆ రాష్ట్రమున 18 లక్షలకు పైగా కార్డులు రద్దైనవి. ఆ యేరివేతలో కంప్యూటరు పాత్ర పెద్దది. ముందుగ నోటీసు లేదు, ఇల్లు చూచుట లేదు. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు రద్దైన కార్డులను క్షేత్రమున మరల పరిశీలింపుడని ఆదేశించెను. 2024లో వెలువడిన పత్రికా పరిశోధన ప్రకారము, తొలుత పరిశీలింపబడిన సుమారు 2,05,000 దరఖాస్తులలో 15,000కు పైగా అర్హులవే. అనగా నూటికి ఏడెనిమిది. తక్కిన తొంబది రెండును సరియే కదా యని కచేరీలో కూర్చున్నవారు సంతోషింపవచ్చును. ఆ ఏడెనిమిది యిండ్లలో పొయ్యి సంగతి వేరు.

అనర్హుల చేత కార్డులు లేవని కాదు. కలముతో పేర్లు కొట్టివేసిన పూర్వపు రోజులు ధర్మయుగమును కావు. ఊరి పెత్తందారునకు గిట్టని వాని పేరు ఎట్లు మాయమయ్యెడిదో పెద్దలు చెప్పగలరు. కాని నాడు తప్పు చేసినవాని పేరైనను తెలిసెడిది. నేడు డీలరు కంప్యూటరును చూపును, తహశీల్దారు పై కార్యాలయమును చూపును, పైవారు మరల కంప్యూటరునే చూపుదురు.

సూత్రములకు కొరత లేదు. 2021 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ కృత్రిమ మేధకు ఏడు నీతిసూత్రములు ప్రకటించెను. భద్రత, సమానత్వము, పారదర్శకత, జవాబుదారీతనము అందున్నవి. 2025 నవంబరులో కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు మరల ఏడు సూత్రములతో వచ్చినవి. ఐరోపా సంఘము ఒక యడుగు ముందుకు వేసి, 2024 నాటి చట్టములో ప్రజాసహాయమునకు అర్హత తేల్చు యంత్రములను అపాయకరమైన వానిలో చేర్చి, మనిషి పర్యవేక్షణను విధించెను.

మనకు కావలసినది సూత్రమును తహశీల్దారు బల్లమీదికి తెచ్చుట. జవాబుదారీతనమన, రద్దు పత్రము క్రింద ఒక అధికారి పేరు, సంతకము ఉండుట. పారదర్శకతయన, కారణము తెలుగులో వ్రాసి యింటికి పంపుట: ఏ వాహనము, ఏ నంబరు, ఎవరి పేరిట. యంత్రము అనుమానము చెప్పవచ్చును, తీర్పు చెప్పరాదు. ఇల్లు చూచి విచారించువరకు బియ్యము ఆగరాదు. వీనిలో కొన్నిటికి క్రొత్త చట్టమే అక్కరలేదు. బాధితునకు నిర్ణయకారణము తెలుపవలెనని 2005 సమాచారహక్కు చట్టపు 4వ సెక్షనులోనే యున్నది. 2013 ఆహారభద్రతా చట్టము ప్రతి జిల్లాకును ఫిర్యాదు పరిష్కారాధికారిని ఏర్పరచినది. వీనిని యంత్రమునకు జోడించు ప్రభుత్వాజ్ఞయే కావలెను.

ఈ విషయము చిట్టమూరునకు దూరపుది కాదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములు వెలసిన పిదప, భూమి, నాలుగు చక్రముల వాహనము, విద్యుత్తు వాడకము మున్నగునవి పట్టికలలో చూచియే పథకములకు అర్హత తేల్చిరి. యజమాని మీటరు అద్దెకున్నవాని ఆధారు సంఖ్యతో ముడిపడినచో ఆ యద్దెవాడు కాగితము మీద ధనికుడగును. అయితే అర్హుల, అనర్హుల జాబితాలు సచివాలయ గోడ మీద అంటించి అభ్యంతరములు కోరుట యను పద్ధతి అందుండెను. పేరు గోడ మీద నున్నచో, చదువురానివానికి ప్రక్కింటివాడైనను చదివి చెప్పును. కారణమును గూడ అచ్చటనే చూపిన మేలు.

తెలంగాణ వ్యవస్థ లోపలి లెక్కకట్టు క్రమమును చూపుడని పాత్రికేయులు సమాచారహక్కు క్రింద కోరగా, అది యంత్రమును తయారుచేసిన సంస్థ హక్కులకు భంగమని నిరాకరించిరి. కావున తప్పుల లెక్కను ఏటేట ప్రకటింపవలెనను షరతు కొనుగోలు ఒప్పందములోనే చేరవలెను. సంతకములైన పిదప ఆ మాట యడుగుటకు తావుండదు.