రాత్రిళ్లు నొప్పి పెట్టే వెన్ను వంపు: ముందు సదరం కాదు, డాక్టరు
(డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారుల కోసం విడపనకల్లులో చేసిన ప్రసంగ పాఠం)

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. గుండెకూ కిడ్నీకీ ఇది పనికొస్తుందని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ పిల్లల వెన్ను వంగిందంటే చాలామంది ముందు అడిగేది సదరం క్యాంపు ఎప్పుడని. నాకు నచ్చనిది అదే.

వెన్నెముక పక్కకు వంగడాన్ని స్కోలియోసిస్ అంటారు. పదేళ్లు దాటిన పిల్లల్లో వచ్చేదానికి ఎక్కువసార్లు కారణం తెలియదు. పిల్లను ముందుకు వంగమంటే వీపు ఒక పక్క ఎత్తుగా కనిపిస్తుంది. ఈ రకం వంపు మామూలుగా పెద్ద నొప్పి పెట్టదు.

వంపుతో పాటు గట్టి నొప్పి ఉందా? అప్పుడు వేరే కారణం వెతకాలి. వాటిలో ఒకటి ఎముకలో పుట్టే చిన్న గడ్డ, ఆస్టియాయిడ్ ఆస్టియోమా. క్యాన్సర్ కాదు. మామూలుగా ఒకటిన్నర సెంటీమీటరు లోపే, మన చేలల్లో పండే శనగ గింజకు కాస్త పెద్దది. పది నుంచి పాతికేళ్ల వాళ్లలో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువ. నొప్పి రాత్రిళ్లు పెరుగుతుంది. మాత్ర వేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఆ నొప్పికి గడ్డ ఉన్న పక్క కండరాలు బిగుసుకొని వెన్ను అటు వంగిపోతుంది. అంటే వంపు వల్ల నొప్పి కాదమ్మా, నొప్పి వల్ల వంపు.

మనం ఏం చేస్తాం? మిరప మూటలు మోసినాడు, నడుము పట్టింది అంటాం. మెడికల్ షాపు మాత్రతో నెలలు గడుపుతాం, లేదంటే నాటు కట్టు కట్టిస్తాం. కొందరు నీళ్లల్లో ఫ్లోరైడ్ అంటారు. మన జిల్లాలో ఆ సమస్య ఉన్నమాట నిజమే. అయినా పన్నెండేళ్ల పిల్లోడు రాత్రిళ్లు ఏడుస్తుంటే దాన్ని నీళ్ల మీదికి నెట్టేయొద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, దీనికి గడువు ఉంది. నొప్పి మొదలైన 15 నెలల లోపు గడ్డ తీసేస్తే వంపు తగ్గే అవకాశం బాగా ఎక్కువని 1986లోనే అమెరికా డాక్టర్లు రాశారు. ఆలస్యమైతే గడ్డ పోయినా వంపు మిగిలిపోవచ్చు.

ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు. "ఏమీ లేదు" అన్నాక కూడా రాత్రి నొప్పి పోకపోతే మళ్లీ వెళ్లండి, సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. కొందరికి సూదిలాంటి పరికరంతో వేడి పెట్టి గడ్డను కాల్చేస్తారు, కొందరికి ఆపరేషన్ చేస్తారు.

జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను టీబీ కూడా కావచ్చు. దానికి ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తుంది. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగినా రోజులు చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

బియ్యం కార్డు, ఆధార్ తీసుకొని ముందు పీహెచ్‌సీకి రండి. అక్కడి నుంచి రెఫర్ చేస్తారు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, ఏ చికిత్స పథకం కిందికి వస్తుందో ఆయన్నే అడగండి. సదరం సంగతి చికిత్స అయ్యాక చూసుకోవచ్చు.

ఇంకొక మాట. బళ్లారి దగ్గరని మనవాళ్లు నేరుగా అక్కడికి పోతుంటారు. పోవద్దనను. కానీ అది పక్క రాష్ట్రం. ఆ ఆసుపత్రి మన పథకంలో ఉందో లేదో బస్సెక్కక ముందే 104కి ఫోన్ చేసి కనుక్కోండి.