సదస్సుకు వెళ్ళే అధికారి

పురపాలక అధికారుల సదస్సుకు కొత్త పుస్తకం, పెన్ను తీసుకొని పోవడం అందరూ చేసేదే. ఆ పుస్తకంలో మొదటి పుట ఊరిలోనే రాసుకొని పోవలెనని నా మనవి. రాయవలసినది ఒక్క చిక్కు, అంతే.

గోదావరిఖనిలో చిక్కును వెతకనక్కరలేదు. ఈ ఊరు 2009లో నగరపాలక సంస్థ అయిన రామగుండంలో భాగం. 1920లో ఏర్పడిన సింగరేణి సంస్థ క్వార్టర్లు ఒకవైపు, నగరపాలక సంస్థ వీధులు మరొకవైపు ఉన్నవి. మురుగునీటికి ఈ హద్దు తెలియదు. రెండు కాలువలు కలిసేచోట పూడిక ఎవరు తీయవలెను? మరొకటి: గనిలో పని మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు దిగి పగలు నిద్రించే కార్మికుడు అర్జీ ఏ వేళ తెచ్చి ఇయ్యగలడు?

ఇట్టి ప్రశ్నకు వేదికపై జవాబు దొరకుట అరుదు. అక్కడ చెప్పేది నెగ్గిన సంగతి. బెడిసిన సంగతి భోజనాల వేళ వినబడుతుంది. అందుచేత కొత్తగూడెం, బెల్లంపల్లి వంటి బొగ్గు ఊళ్ళవారి పక్కన కూర్చొనవలెను. (మనవారు మనవారి పక్కనే కూర్చుంటారు, అదొక అలవాటు.) ఎంత ఖర్చయినది, ఎవరు అడ్డుపడినారు, తరువాత ఏమి మార్చుకొన్నారు, ఇవి అడగవలెను.

తిరిగివచ్చిన వారంలోపల పారిశుద్ధ్య సిబ్బందిని కూర్చోబెట్టి విన్నది చెప్పవలెను. ఆ కాలువ ఎక్కడ పూడుతుందో వారికే బాగా తెలుసు. సదస్సులో విన్న ఉపాయం ఇక్కడ నడుస్తుందో లేదో అప్పటికప్పుడే తేలుతుంది.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలను పేర్కొన్నది. పారిశుద్ధ్యం అందులో ఒకటి. కనుక శ్రోతలారా, మీ అధికారి సదస్సునుంచి వచ్చినారని విన్నప్పుడు, మొదటి పుటలోని ప్రశ్న ఏమయినదని మీరు కూడా అడగవచ్చును.