సైబీరియాలోని సూదియాకుల అడవులు

దేవదారు అనగానే మనకు హిమాలయము స్ఫురించును. నేడు మేము శ్రోతలను ఇంకను ఉత్తరమునకు, సైబీరియాలోని టైగా అరణ్యమునకు తోడ్కొనిపోదలచితిమి.

అచటి వెర్ఖోయాన్‌స్క్ పట్టణమున 1892లో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 67.8 డిగ్రీలకు పడిపోయినది. నేలలోని మంచు వేసవియందును కరగదు. పైపొర మాత్రమే మెత్తబడును. చలికాలమున నీరున్నను గడ్డకట్టియుండుటచే వేళ్ల కందదు. అందుచేతనే స్ప్రూసు, పైను వృక్షముల ఆకులు సూదులవలె సన్నబడి, మైనపుపూతతో తేమను కాపాడుకొనును. లార్చి దారి వేరు. ఆ జాతిదే అయినను, శరత్తులో ఆకులన్నియు రాల్చి మోడై నిలుచును. తూర్పు సైబీరియాకు అదియే రాజని మా అభిప్రాయము.

సైబీరియా పైను గింజలకు గాలిలో ఎగురుటకు రెక్కలు లేవు. కాకి కులమునకు చెందిన నట్‌క్రాకర్ పక్షి వాటిని వేలకొలది నాచులో దాచును. తినక మిగిలినవి మొలకెత్తును. జీతము లేని తోటమాలి యన్నమాట!

సేబుల్ అను చిన్న జంతువునకు మాత్రము తన బొచ్చే శత్రువైనది. వేటగాండ్రు దానిని దాదాపు తుడిచిపెట్టగా, బైకాలు సరస్సు తీరమున 1916-17 శీతకాలమున బర్గుజిన్ రక్షితారణ్యము నేర్పరచిరి. సేబుల్ తిరిగి వృద్ధి చెందినది.

2020 జూనులో అదే వెర్ఖోయాన్‌స్క్‌లో ఎండ 38 డిగ్రీలు కాసినది. బెజవాడవారికి అదియొక లెక్క కాదు. కాని ఆ వేడిమికి అడుగుమంచు కరగును, ఎండిన నాచు అంటుకొనును. 2021లో యాకూతియా అడవులు తగులబడగా, ఆ పొగ ఉత్తరధ్రువము వరకు ప్రాకినది.