అక్షరాలు అలుక్కుపోతుంటే



ఒక ఊరి రాత్రిబడికి ఒక అమ్మ వచ్చేది. వయసు నలభై అయిదు దాటింది. మొదటి వాచకం చకచకా చదివేసింది. అందులో అక్షరాలు పెద్దవి. రెండో వాచకంలో అక్షరాలు చిన్నవయ్యాయి. పుస్తకం దూరంగా పట్టుకుంది. ఇంకొంచెం దూరం జరిపింది. చెయ్యి చాల్లేదు. "నా బుర్రకు చదువెక్కదులే" అనుకుంది. మర్నాటి నుంచి బడి మానేసింది.

ఇలాంటి అమ్మ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఆమె బియ్యం ఏరితే రాళ్లు మిగిలిపోతాయి. సూదిలో దారం మనవరాలు ఎక్కించాలి. దూరాన వచ్చే బస్సు మాత్రం బాగానే కనబడుతుంది. ఇది బుర్ర తప్పు కాదు. దీని పేరు చత్వారం.

కంటి లోపల, నల్లగుడ్డు వెనకాల, పప్పుబద్దంత చిన్న బిళ్ల ఉంటుంది. అద్దంలా తేటగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూసేటప్పుడు అది ఉబ్బుతుంది. దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. నలభై ఏళ్లు దాటాక ఆ బిళ్ల బిగుసుకుపోతుంది, ఉబ్బలేదు. కలెక్టరుకైనా, కూలికి వెళ్లే అమ్మకైనా ఇది తప్పదు. చదువు రానివాళ్లు చాలాకాలం దీన్ని పట్టించుకోరు. చదువు మొదలుపెట్టాకే బయటపడుతుంది.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కళ్లద్దాలు చాలు. "అద్దాలు పెడితే చూపు ఇంకా పోతుంది" అంటారు. అది ఒట్టి మాట. "ఆడమనిషికి కళ్లద్దాలేంటి" అని నవ్వేవాళ్లూ ఉంటారు. నవ్వనివ్వండి. తెలంగాణలో 2018లోనూ, 2023లోనూ కంటి వెలుగు పేరుతో ఊరూరా కళ్లు చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చూశారు. అప్పుడిచ్చిన అద్దాలు కొందరి పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. వాటితో మసక కనబడితే మళ్లీ చూపించుకోవాలి. వయసుతో పాటు పవరు మారుతుంది. ఆయన అద్దాలు ఆమెకు సరిపోతాయనుకోవడం కూడా పొరపాటే.

ఆ బిళ్లే ముసలితనంలో తెల్లబడితే శుక్లం అంటారు. చాలామంది కంటి మీద పొర కమ్మింది అనుకుంటారు. పొర పైన లేదు, బిళ్లే మసకబారింది. అందుకే ఏ చుక్కలు వేసినా, ఏ పసరు పోసినా అది కరగదు. ఆపరేషన్ ఒక్కటే దారి. వెనకటి రోజుల్లో శుక్లం పండేదాకా ఆగమనేవారు. ఆపరేషన్ అయ్యాక సోడాబుడ్డి అద్దాలు పెట్టేవారు. ఇప్పుడు మసక బిళ్ల తీసి, దాని చోట కొత్త బిళ్ల పెడతారు. మామూలుగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు.

మరి అమ్మలు ఎందుకు వాయిదా వేస్తారు? భయం కొంతే. అసలు కారణం పొయ్యి. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు పొగ తగలకూడదు, కంట్లో నీళ్లు పడకూడదు, బరువు ఎత్తకూడదు. మరి వంటెవరు చేస్తారు? నీళ్లెవరు మోస్తారు? ఈ మాట డాక్టరుతో కాదు, ఇంట్లో మగవాళ్లతో తేల్చుకోవాలి.

చత్వారం వచ్చినా, శుక్లం వచ్చినా కొన్ని రోజులు ఆగవచ్చు. ఒక్కరోజు కూడా ఆగకూడనిది ఇంకొకటుంది. అది పొలంలో తగిలే దెబ్బ.

వరి కోస్తుంటే ఆకు కంటికి గీసుకుంటుంది. నూర్పిళ్లప్పుడు పొట్టు ఎగిరి పడుతుంది. నల్లగుడ్డు మీద సన్నని గీత పడుతుంది. అద్దంలో చూసినా కనబడదు. ఆకు మీది బూజు ఆ గీతలో దూరుతుంది. నాలుగైదు రోజులకో, వారానికో అక్కడ పుండు పడుతుంది. పుండు మానినా తెల్ల మచ్చ మిగులుతుంది. "కంట్లో పువ్వు వేసింది" అనేది దీన్నే. ఆ పువ్వు చూపుకు అడ్డమైతే కన్ను పోయినట్టే. ఇంకొకరు దానం చేసిన కంటి నుంచి నల్లగుడ్డు పొర తెచ్చి వేయాల్సి వస్తుంది.

ఊళ్లో ఏం చేస్తారు? ఒకరు ఆకు పసరు పిండుతారు. ఒకరు చనుబాలు పోస్తారు. ఒకరు ఆముదం వేస్తారు. ఇంకొకరు నాలుకతో నలక తీస్తారు. అంతా ప్రేమతోనే చేస్తారు. కానీ ప్రతి ఒక్కటీ ఆ గీతలోకి కొత్త మురికి చేరుస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కలు మరీ ప్రమాదం. కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, లోపల పుండు పెరుగుతుంది.

కంట్లో నలక పడితే తాగే నీళ్లతో కడగాలి. నలపకూడదు. ముల్లు దిగి ఉంటే కడగకూడదు, లాగకూడదు. నొప్పి, ఎరుపు, మసక ఉంటే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కూలి పోతుందని ఆగితే కన్ను పోతుంది. తాంబూలం సున్నం పిల్లల కంట్లో పడితే వెంటనే, కనీసం పావుగంట సేపు, నీళ్లు ధారగా పోస్తూ కడిగి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పిల్లల విషయం ఇంకొకటి. చీకటి పడగానే పిల్ల తడుముకుంటూ నడుస్తోందా? అది రేచీకటి. విటమిన్ ఏ తక్కువైతే వస్తుంది. అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డే మెత్తబడి పోతుంది. తొమ్మిదో నెలలో, ఏడాదిన్నరకు, ఆ తర్వాత అయిదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి ఈ మందు తాగిస్తారు. మొత్తం 9 సార్లు. ఎన్నిసార్లు అయిందో కార్డులో మీరే చదివి చూడవచ్చు. పెరట్లో మునగాకు, తోటకూర, బొప్పాయి ఉంటే పిల్లలకు పెట్టండి. కడుపుతో ఉన్నవాళ్లకూ రేచీకటి వస్తుంది, వాళ్లు నర్సమ్మకు చెప్పాలి.

నీటికాసులు అనే జబ్బు చాలామందిలో నొప్పి లేకుండా, పక్క చూపుతో మొదలుపెట్టి మెల్లగా తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. అమ్మకో, నాన్నకో, తోడబుట్టినవాళ్లకో ఉంటే మీరూ చూపించుకోవాలి. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి కంటి వెనక పొర కూడా చూపించుకోవాలి.

ఈ రాత్రి ఇంటికెళ్లి ఒక పని చేయండి. గోడ మీద క్యాలెండరుకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబడండి. ఒక కన్ను అరచేత్తో మూసి తేదీలు చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటి లోటు తెలియదు. తేడా కనబడితే ఊరి ఆశా కార్యకర్తకు రేపే చెప్పండి. బడి మానేసిన ఆ అమ్మ ఇంటికి కూడా ఎవరో ఒకరు వెళ్లి రండి.