తాళ్లపాక వారి ఇంట్లో



మొన్న శనివారం పాటల క్లాసు నుంచి కారులో వస్తుంటే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, అన్నమయ్య ఏ స్కూల్లో చదివాడు?" అని. చటుక్కున జవాబు తోచలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. అన్నమయ్య ఇల్లే ఒక బడి!

అన్నమాచార్యులు రాజంపేట దగ్గర తాళ్లపాకలో 1408లో పుట్టి, 1503 దాకా జీవించారు. అప్పటికి మన దేశానికి అచ్చుయంత్రం రాలేదు. ఆ రోజుల్లో విద్య అంటే గుడి, మఠం, రాజుగారి కొలువు అనుకుంటాం. ఈ కుటుంబాన్ని చూస్తే ఇంటి సంగతి కూడా తెలుస్తుంది.

ఆయన భార్య తిమ్మక్క "సుభద్రా కల్యాణం" రాశారు. తొలి తెలుగు కవయిత్రి ఆవిడేనని చాలామంది అంటారు. కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు కూడా సంకీర్తనలు రాశారు. ఇంకో మనవడు చిన్నన్న ద్విపదలో తాతగారి చరిత్ర రాశాడు. అన్నమయ్య పాటలు 32,000 అన్న లెక్క అందులోదే.

పాట ఎలా కట్టాలో చెబుతూ అన్నమయ్య సంస్కృతంలో "సంకీర్తన లక్షణం" రాశారు. ఆ మూలం ఇప్పుడు లేదు. చిన తిరుమలాచార్యులు దాన్ని తెలుగు చేసిపెట్టబట్టి అందులో ఏముందో మనకు తెలిసింది. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లం బ్యాకప్ అంటూ ఊదరగొడతాం గానీ, ఈ మనవడి ముందు మేమెంత?

పెద తిరుమలాచార్యులు ఇంకా పెద్ద పని చేశారు. పాటలను రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో ఒక అరలో భద్రపరిపించారు. తాటాకుకు చెదలు పడతాయి, రాగికి పట్టవు. రెండు వేలకు పైగా ఉన్న ఆ రేకులు 20వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు పరిష్కరించి అచ్చువేయించారు. అలా 12,000 పైచిలుకు పాటలు మనకు దక్కాయి.

అయితే ఒకటి పోయింది. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. బాణీ నోటి నుంచి నోటికి వెళ్లేది. ఎక్కడో ఆ గొలుసు తెగింది. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి వారు మళ్లీ బాణీలు కట్టవలసి వచ్చింది.

ఇది చదివాక నాకు మా అమ్మమ్మ నోటుపుస్తకం గుర్తొచ్చింది. అందులో మంగళహారతులు గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఇండియా నుంచి జాగ్రత్తగా తెచ్చుకున్నాను. మాటలన్నీ ఉన్నాయి. ఎలా పాడాలో మాత్రం నాకు తెలియదు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ అడగలేదు.

ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. "ఒక్క హారతి, అదీ సగమే వచ్చురా" అంది. ఆ సగమే పాడించి రికార్డు చేశాను. ఇప్పుడు మా అమ్మాయి ఆ సగం పాడుతోంది, తప్పుల్తోనే.

మీ ఇంట్లో కూడా అలాంటి పాటో, పద్యమో వచ్చిన పెద్దవాళ్లు ఉంటే, ఈ ఆదివారం ఫోనులో వంటల సంగతులతో పాటు అది కూడా అడగండి.