తీజ్ విందులో షుగర్ ఉన్నవాళ్ల విస్తరి

 

 హాస్టల్ నడిపేవాళ్లం కాబట్టి మాట్లాడటం మొదలుపెడితే ఆపరని మాకు పేరుంది. ఈ రోజు ఒక్క విషయమే చెప్తాం. తీజ్ చివరి రోజు అందరూ వరుసగా కూర్చుని తింటున్నప్పుడు షుగర్ ఉన్న మన యాడి, బా, దాది, దాదా ఏం తినాలి, ఎట్లా తినాలి అన్నదే ఆ విషయం. పెద్దోళ్ల సంగతి మాకెందుకు అనుకోకండి. ఇంట్లో మందుల చీటీ చదివేది మీరే, బంతిలో వడ్డించేదీ మీరే.

తుర్కయంజాల్, ఇంజాపూర్, బీఎన్‌రెడ్డి నగర్ వైపు ఉంటున్న మన కుటుంబాల్లో చాలావి దేవరకొండ, మాల్ వైపు తాండల నుంచి వచ్చినవే. అక్కడ పొద్దంతా చేనులో వంగి పనిచేసినవాళ్లు ఇక్కడ ఆటో సీటులోనో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీలోనో కూర్చుంటున్నారు. జొన్న బాటి తిన్న పూట ఇప్పుడు తెల్లన్నం తింటున్నారు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. వంద గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములుంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చింది. తాండ వాళ్లకు షుగర్ రాదు అనే మాట ఇంకా కొందరు అంటున్నారు. వాళ్లను ఒకసారి వేలికి సూది గుచ్చించుకుని చూడమనండి.

ఇప్పుడు విందు దగ్గరికి వద్దాం. షుగర్ ఉన్న మనిషికి బంతిలో రెండు రకాల వాళ్లు తగులుతారు. ఒకరు "పండుగ ఒక్కరోజుకే ఏం కాదు, తిను మామా" అని గిన్నె బోర్లిస్తారు. ఇంకొకరు పది మందిలో "నీకు షుగర్ కదా, నీకెందుకు చుర్మో" అని గిన్నె పక్కకు లాక్కుపోతారు. రెండోదే ఎక్కువ చెడ్డదని మా అభిప్రాయం. నలుగురిలో చిన్నబోయిన మనిషి రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి పోయి, దబరలో మిగిలింది చేతికొచ్చినంత తింటుంది. అది ఎంతో ఎవరికీ లెక్క తెలియదు. మర్నాడు పొద్దున మీటరులో అంకె చూసి ఇంట్లో గొడవ.

చుర్మో మేరామా యాడికి పెట్టే నైవేద్యం. దాన్ని వద్దనే హక్కు మనకు లేదు, వద్దనాల్సిన అవసరమూ లేదు. నిమ్మకాయంత ముద్ద పెట్టండి, అన్నం ఒక గరిటె తగ్గించండి. అది కూడా ఖాళీ కడుపు మీద వద్దు. ముందు కూర, పప్పు, మాంసం ముక్కలు తిని, తర్వాత బాటి తిని, చివర తీపి తింటే షుగర్ అంత వేగంగా ఎగబాకదు. సళోయితో షుగర్ పెరగదు. అయితే కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడిగే తినాలి. బెల్లం మంచిదే కదా అంటారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం ఉండేది చక్కెరలో ఉండే సుక్రోజే. మన రక్తానికి రెండూ ఒకటే. ఇక అందరూ చుర్మోనే తిడతారు గానీ, దాని పక్కనే పెట్టే కూల్‌డ్రింకును ఎవరూ ఏమీ అనరు. పావు లీటరు సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే అయిదు చెంచాలు. మేరామా అడగనిది అదీ. ఈసారి ఆ డబ్బులతో మజ్జిగ కలపండి. మొదటి రోజు బోరడి ముళ్లకు గుచ్చగా మిగిలిన నానిన శనగలు ఎట్లాగూ ఉంటాయి, వాటిని గుగ్గిళ్లు చేసి పెద్దోళ్ల ముందు పెట్టండి.

తిన్నాక కూలబడొద్దు. పది పదిహేను నిమిషాలు బుట్టల చుట్టూ తిరిగినా, పాటకు నాలుగు అడుగులు వేసినా మేలే. స్వీట్ తింటున్నాం కదా అని కొందరు గోలీ రెండు వేసుకుంటారు. ఇంకొందరు రాత్రి విందు కోసం పగలంతా కడుపు మాడ్చుకుంటారు. రెండూ ప్రమాదమే.

దారు గురించి చెప్పకుండా పోతే ఈ మాటలకు అర్థం లేదు. తాగకపోతే మంచిది. మేం చెప్పామని మానరనీ తెలుసు. అందుకే ఇది చెవిన వేసుకోండి. మన కాలేయం అవసరమైనప్పుడు రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. మందు తాగితే ఆ పని మందగిస్తుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి గోలీ గానీ వేసుకున్న మనిషి సరిగ్గా తినకుండా తాగితే షుగర్ పడిపోతుంది. అప్పుడే పడిపోవాలని లేదు, కొన్ని గంటల తర్వాత, తెల్లవారుజామున కూడా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తూలడం, మాట ముద్దగా రావడం. చూసేవాళ్లకు నిషాకూ దీనికీ తేడా తెలియదు. "ఎక్కువైంది, పడుకోనీ" అని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. ప్రాణం పోయేది అక్కడే.

అందుకే షుగర్ ఉన్న మనిషి తూలితే ముందు వేలికి సూది గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే, మింగగలిగే తెలివి ఉంటే, మూడు చెంచాల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ ఇవ్వండి, కుదుటపడ్డాక తిండి పెట్టండి. మీటరు దొరకకపోతే దాని కోసం ఆగకుండా చక్కెర నీళ్లే ఇవ్వండి. తెలివి లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

చెల్లెళ్లూ, తొమ్మిది రోజులు బుట్టలకు నీళ్లు పోసే మీకూ ఒక మాట. టైప్ 1 షుగర్ ఉన్న పిల్ల తీజ్‌కు కూర్చోకూడదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. మన నియమం ఉప్పు, కారం లేని తిండి. వేళకు తినొద్దని నియమం ఎక్కడా లేదు. చప్పిడి బాటి, పప్పు వేళకు తినండి. ఉపవాసమని ఇన్సులిన్ మాత్రం ఆపేయకండి. ఆపితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలై ఆస్పత్రి పాలవుతారు. పండుగకు రెండు వారాల ముందే డాక్టరుకు మీ తొమ్మిది రోజుల తిండి చెప్పి, డోసు ఎంతో రాయించుకోండి. హాస్టల్ పిల్లలైతే ఆ చీటీ మాకు ఇవ్వండి.

చెరువు దాకా ఊరేగింపు ఉంటుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, గాజుముక్క దిగినా తెలియదు. దాదికి చెప్పులు తొడిగించండి. దండం పెట్టేచోట విప్పితే చాలు. ఇంటికొచ్చాక అరికాళ్లు కడిగి, లైటు వెలుతురులో మీరే చూడండి. ఆమె కళ్లకు కనిపించకపోవచ్చు.

ముప్పై దాటిన ఎవరికైనా బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. పరగడుపున 126 లేదా అంతకు మించి వస్తే షుగర్ అనే అనుమానించి మళ్లీ పరీక్ష చేస్తారు. 100 నుంచి 125 మధ్య ఉంటే జాగ్రత్తపడే సమయం ఇంకా ఉంది. ఇంట్లో ఎవరెవరు చూపించుకోలేదో ఈ వారమే అడగండి.

ఈ తీజ్‌కు బుట్టలు పెట్టే మంచె పక్కన ఒక బల్ల వేస్తున్నాం. మీటరు, పట్టీలు, దూది, గ్లూకోజ్ డబ్బా దాని మీద ఉంటాయి. వాడిన సూదులు వేయడానికి మూత ఉన్న డబ్బా కూడా పెడతాం. చివరి రోజు రాత్రి ఆఖరి మనిషి ఇంటికి పోయేదాకా అక్కడ కూర్చోవడానికి నలుగురు కావాలి. వాళ్లు ఆ రాత్రి తాగకూడదు. మీటరు వాడటం మేం నేర్పిస్తాం. కిందికి దిగగానే పేర్లు రాసుకుంటాం.