గుఱ్ఱం ఏ కాలు ముందు వెయ్యాలి?

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)

పంచాంగ శ్రవణం అయినది, పచ్చడి సేవించాము. యీ వేళ గుఱ్ఱాల ముచ్చట యేమిటని కొందరికి నవ్వు రావచ్చును. ఆఫీసులో కాగితాలు రాసుకునే మేము స్వారీలో ఉస్తాదులమని చెప్పుకోము. పుణెలో స్వారీ నేర్పే మైదానాల అంచున నిలబడి చూసి, నేర్పేవారిని అడిగి, పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్నదే మనవి చేస్తున్నాము. మన పిల్లలు కొందరు స్వారీ నేర్చుకుంటున్నారు. వారి తల్లిదండ్రులకు యిది పనికివస్తుందని మా ఆశ.

గుఱ్ఱపు గతులు అయిదని చెప్పి, అమరకోశం వాటికి ధారలని పేరు పెట్టింది. నేటి స్వారీవారు ముఖ్యంగా నాలుగు లెక్కపెడతారు. మామూలు నడకలో గిట్టలు ఒకదాని తరువాత ఒకటి పడి నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. ట్రాటులో ఎదురుమూల కాళ్ళు జతగా పడతాయి గనుక రెండే చప్పుళ్ళు. వెనుకటి జట్కాబండి గుఱ్ఱాల టకటక యిదే. కాంటరులో మూడు. పూర్తి దౌడులో మళ్ళీ నాలుగు.

చిక్కంతా యీ మూడు చప్పుళ్ళ కాంటరులో వున్నది. కుడి వైపు కాంటరును తీసుకుందాము. మొదట ఎడమ వెనుక కాలు నేలను తాకుతుంది. తరువాత కుడి వెనుక కాలు, ఎడమ ముందరి కాలు కలిసి పడతాయి. ఆఖరున కుడి ముందరి కాలు పడుతుంది. ఆపైన ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాలిలో వుంటాయి. ఆ కుడి ముందరి కాలినే స్వారీవారు లీడు అంటారు. చిత్రమేమంటే అది అన్నిటికన్న ఆఖరున పడుతుంది, కాని అన్నిటికన్న ముందుకు సాగి పడుతుంది.

యివన్నీ కంటితో పట్టుకోవటం తేలిక కాదు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జి అనే ఆయన కెమేరాలు బారుగా పెట్టి దౌడు తీసే గుఱ్ఱాన్ని ఫోటోలు తీశాడు. కాళ్ళన్నీ గాలిలో వుండే క్షణం వున్నదనీ, అప్పుడు అవి పొట్ట కిందికి ముడుచుకుని వుంటాయనీ దానితో తేలింది. అంతకు ముందు చాలామంది చిత్రకారులు ముందు వెనుకలకు బారచాచిన కాళ్ళతో బొమ్మలు వేసేవారు.

కుడి వైపు తిరిగేటప్పుడు కుడి లీడు, ఎడమ వైపు తిరిగేటప్పుడు ఎడమ లీడు వుండాలి. అప్పుడే మలుపులో లోపలి కాలు వొంటికి ఆధారమవుతుంది. తప్పు లీడుతో తిరిగితే తూకం తప్పుతుంది, తడి నేల మీద కాలు జారవచ్చును. ముందరి కాళ్ళు ఒక లీడు, వెనుక కాళ్ళు ఒక లీడు పడితే మరీ చెడ్డది. జీను మీద కూర్చున్నవారికి రాళ్ళబాటలో ఎడ్లబండి ఎక్కినట్టు వుంటుంది.

పచ్చిక బయలులో వదిలిన గుఱ్ఱపుపిల్ల ఎవరూ చెప్పకుండానే కాలు మార్చుకుంటుంది. వీపు మీద మనిషి ఎక్కిన తరువాతనే తంటా. ఆ బరువుతో తూకం మళ్ళీ నేర్చుకోవాలి. పైగా మనలో కుడిచేతివాటం, ఎడమచేతివాటం వున్నట్టు దానికీ ఒక పక్క వాటం వుంటుంది.

నేర్పే వరుస యిది. ముందు ట్రాటులో, సుమారు 20 మీటర్ల వెడల్పున్న వలయంలో, రెండు వైపులా కుదురుగా తిరగటం అలవాటు చెయ్యాలి. తరువాత తలను కొద్దిగా లోపలికి వంచాలి. లోపలి వైపు కన్ను అంచు కనబడితే చాలును. మన లోపలి కాలు జీను కట్టు దగ్గరే వుంచి, బయటి కాలు బెత్తెడు వెనుకకు జరిపి మెల్లగా అదమాలి. కాంటరు మొదలయ్యేది బయటి వెనుక కాలితో గనుక ఆ కాలిని పిలుస్తున్నామన్నమాట. మైదానం మూలలో అడిగితే మేలు, మలుపే సగం పాఠం చెబుతుంది. క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే గ్రీకువాడైన జెనొఫన్, ట్రాటులో ఏ కాలు పడేటప్పుడు సంజ్ఞ చెయ్యాలో తన స్వారీ గ్రంథంలో చెప్పాడు.

తప్పు కాలు పడితే కొరడా తియ్యరాదు, కళ్ళెం గుంజరాదు. మెల్లగా ట్రాటులోకి దించి, కుదుటపరచి, మళ్ళీ అడగాలి. సరిగా పట్టగానే నాలుగడుగులు పోనిచ్చి, మెడ నిమిరి, ఆపాలి. కొడితే గుఱ్ఱం, "తప్పు కాలు వేశాను గనుక కొట్టారు" అనుకోదు. "కాంటరు మొదలుపెట్టాను గనుక కొట్టారు" అనుకుంటుంది. మరునాడు కాలు అదిమితే బెదురుతుంది. ఏ కాలు పడిందా అని మనం ముందుకు వంగి చూడటమూ మంచిది కాదు. ఆ బరువు భుజం మీద పడి, ఆ కాలు సాగటమే కష్టమవుతుంది. ఎన్నాళ్ళకూ ఒకే వైపు రాకపోతే మొండితనమనవద్దు. వీపు నొప్పో, పంటి బాధో, గిట్టలో పుండో, జీను ఒరుసుకోవటమో కావచ్చు. పశువైద్యునికి చూపించాలి.

యిలా వోర్పుతో నేర్చిన గుఱ్ఱం, నాలుగు కాళ్ళూ గాలిలో వున్న ఆ ఒక్క క్షణంలోనే లీడు మార్చగలదు. డ్రెసాజ్ అనే పోటీలో యిది ఒక పరీక్ష. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ క్రీడలలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా ఆ పోటీలో మన దేశానికి జట్టు స్వర్ణం తెచ్చారు. గుఱ్ఱపు స్వారీలో 1982 తరువాత మనకు స్వర్ణం రావటం అదే మొదలు.

యిక అసలు మనవి. మన పిల్లలకు బడిలో మరాఠీ, ఇంగ్లీషు; వీధిలో హిందీ. ఆ పక్క వాటం వారికి సహజంగా పడింది, అది వారి దోషం కాదు. యింటికి వచ్చిన పిల్లవాడు తెలుగులో ఒక మాట తప్పు పలికితే చుట్టాల ముందు మనం నవ్వుతాము, "అమ్మభాష రాని వెధవ" అని కసురుతాము. వాడు దానివల్ల ఒప్పు నేర్చుకోడు. తెలుగులో నోరు తెరవటమే తప్పని నేర్చుకుంటాడు. తరువాత తాతగారు వూరినుంచి ఫోను చేస్తే అమ్మ చేతికి యిచ్చి తప్పించుకుంటాడు. యిది మన యిళ్ళలో జరుగుతున్నదే.

కాబట్టి తప్పు పలికితే ఒప్పు మాట మనమే మెల్లగా అని, సంభాషణ సాగనిద్దాము. రోజూ పావుగంట చాలును, ఎక్కువ వద్దు. అన్నం దగ్గర, ప్రయాణంలో, అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు తెలుగు దానంతట అదే వస్తుంది, అక్కడ మొదలుపెడదాము. మరాఠీని తగ్గించమని మేము అనటం లేదు. యీ రోజు మన యింట ఉగాది, పొరుగింట గుడీ పాడ్వా. మన పిల్లలు రెండు గడపలలోనూ తడుముకోకుండా పలకరించగలగాలి.